బూదికోట హైదరాలీ: యుద్ధపు జమాఖర్చు

వర్తకుడు సరకు కొనుటకు ముందు నాలుగు లెక్కలు వేసికొనును. అసలెంత, వడ్డీ యెంత, దారిఖర్చెంత, సరకు అమ్ముడుపోనిచో నష్టమెంత అని చూచుకొనిన పిమ్మటనే చేయి చాచును. రాజులును యుద్ధమునకు దిగు ముందు ఇట్టి లెక్కలే వేయుదురనియు, అట్లు లెక్కవేసి దిగిన యుద్ధము బుద్ధిపూర్వకమైనదే యగుననియు కొందరందురు. యుద్ధము క్రోధమున పుట్టునే గాని బుద్ధియందు పుట్టదని మరికొందరందురు. ఈ రెండు మాటలలో ఏది నిజమో తెలిసికొనుటకు బంగారుపేటవారు దూరదేశముల చరిత్రలు వెదకనక్కరలేదు. పట్టణమునకు దక్షిణమున కొద్ది మైళ్ళ దూరములో, అదే తాలూకాలోనున్న బూదికోటలో పుట్టిన హైదరాలీ జీవితమే అందుకు చాలును.

బంగారుపేటకు పూర్వనామము బౌరింగుపేట. 1862 నుండి 1870 వరకు మైసూరు కమీషనరుగా నుండిన లెవిన్ బౌరింగు దొర పేరిట ఆ పేరు వచ్చినది. ఆ బౌరింగే 1893లో హైదరాలీ, టిప్పుసుల్తానుల చరిత్రను ఆంగ్లమున ప్రకటించెను. ఊరికి పేరిచ్చినవాడే ఆ ఊరిచెంత పుట్టినవాని కథను వ్రాయుట ఒక విశేషము.

జననము, బాల్యము

హైదరాలీ 1720-22 సంవత్సరముల ప్రాంతమున బూదికోటలో జన్మించెను. అతని తండ్రి ఫతే మహమ్మదు శిరా నవాబుల కొలువులో కోలారు ఫౌజుదారుగా నుండి, బూదికోటను జాగీరుగా పొందినవాడు. హైదరు పసివాడుగా నుండగనే తండ్రి యుద్ధమున మడిసెను. శిరా నవాబు వంశమునకు చెందిన అబ్బాసు కులీఖాను, చనిపోయినవాడు తనకు బాకీపడియుండెనను నెపమున ఆ కుటుంబమును దొడ్డబళ్ళాపురమున నిర్బంధించి ఉన్నదంతయు ఊడ్చుకొనెను. ధనమును రాబట్టుటకై పిల్లవానిని నగారాలో కుక్కి పైన తోలు బిగించి వాయించిరని కూడ చరిత్రకారులు వ్రాసిరి. తండ్రి బాకీకి పసివానిని హింసించిన ఆ దినములను హైదరు తుదివరకు మరువలేదు. 1769లో అతని సేన చెన్నపట్టణపు వాకిట నిలిచినప్పుడు, అక్కడ తలదాచుకొనియుండిన అబ్బాసు కులీ భయముతో ఓడ యెక్కెనని చెప్పుదురు.

అన్న షహబాజు మైసూరు సేనలో చేరగా హైదరును అతని వెంట కొలువున ప్రవేశించెను. 1749లో దేవనహళ్ళి ముట్టడిలో అతడు చూపిన ధైర్యము దళవాయి నంజరాజు కంటబడెను. పిమ్మట తిరుచిరాపల్లి యుద్ధములలో ఆంగ్లేయుల, ఫ్రెంచివారి యుద్ధపద్ధతులను దగ్గర నిలిచి చూచెను. 1755లో దిండిగల్లు ఫౌజుదారుడయ్యెను.

హైదరుకు చదువను వ్రాయను రాదు. కన్నడము, తెలుగు, మరాఠీ, తమిళము, హిందూస్తానీ మాత్రము ధారాళముగ మాటలాడెడివాడు. జ్ఞాపకశక్తి అసాధారణము. ఒకరు జాబు చదివి వినిపించుచుండగా, మరొకరికి ఆజ్ఞ చెప్పుచు, మూడవవాని లెక్క వినుచు, ముగ్గురి పనియు తప్పక నడిపెడివాడని అతనిని చూచినవారు వ్రాసిరి. లెక్కలలో అతనిని మోసగించుట ఎవరి తరమును కాలేదు. మనుష్యుల నెన్నుకొనుటలోను అంతటి నేర్పరి. ఒక వర్తకుని అంగడిలో లెక్కలు వ్రాయుచుండిన పూర్ణయ్య అతని దృష్టిలో పడి, రాజ్యపు ధనశాఖకు పెద్దయై, తరువాతి కాలమున మైసూరు దివానుగా ప్రసిద్ధికెక్కెను.

అధికార ప్రాప్తి

మైసూరు సింహాసనమున ఒడయరు రాజు పేరునకు మాత్రమే కూర్చుండియుండెను. 1760లో హైదరు తానే పైకి తెచ్చిన ఖండేరావు రాజకుటుంబముతో కలిసి అతనిపై కుట్ర పన్నెను. హైదరు రాత్రికి రాత్రి శ్రీరంగపట్టణము విడిచి బెంగుళూరునకు పారిపోవలసివచ్చెను. 1761 నాటికి తిరిగి బలము కూడగట్టుకొని వచ్చి, ఖండేరావును పట్టి, చిలుకకు వలె పాలును అన్నమును పెట్టుచు ఇనుప పంజరమున ఉంచెను. నాటినుండి మైసూరునకు అతడే ప్రభువు. 1763లో బిదనూరును జయించి అక్కడి అపార ధనమును చేజిక్కించుకొనెను. ఆ ధనముతోనే అతని సైన్యము పెరిగెను.

ఇంతవరకు అతని కథ నాటి సాహసికులు పలువురి కథ వంటిదే. అతనిని వేరుపరచునవి ఆంగ్లేయులతో చేసిన రెండు యుద్ధములు. మొదటిది అతని మీదికి వచ్చినది. రెండవది అతడు కోరి తెచ్చుకొన్నది.

మొదటి యుద్ధము

1767లో ఆంగ్లేయులు, నిజాము, మహారాష్ట్రులు ముగ్గురు కలిసి మైసూరు మీదికి కదలిరి. హైదరు మహారాష్ట్రులకు ధనమిచ్చి వెనుకకు మరలించెను. నిజామును తనవైపునకు త్రిప్పుకొనెను. కాని చెంగమువద్దను తిరువణ్ణామలైవద్దను ఓటమి కలుగగా నిజాము మరల ఆంగ్లేయులతో పొత్తు కలిపెను. 1768లో కర్నలు జోసెఫు స్మిత్తు సేన కోలారు, ముళబాగిలు, హోసూరులను పట్టుకొనెను. ఆర్కాటు నవాబు మహమ్మదాలీ ఆ దండు వెంట కోలారు వరకు వచ్చి, గెలువని రాజ్యమును అప్పుడే పంచుకొనుచుండెను. హైదరు పుట్టిన సీమ పరుల చేతిలో పడినది.

అప్పుడతడు సంధి కోరెను. కొంత భూమిని, కొంత ధనమును ఇచ్చెదననెను. చెన్నపట్టణపు కౌన్సిలు ఆశకొద్దీ అంతకు ఎన్నియో రెట్లు అడిగెను. హైదరు మాటలు చాలించి, పోయిన కోటలను ఒకటొకటిగా రాబట్టుకొనెను. 1769 మార్చిలో ఆంగ్ల సేనను దూరమునకు లాగి, ఏరిన ఆరువేల గుర్రపుదళముతో మూడున్నర దినములలో 130 మైళ్ళు నడచి చెన్నపట్టణపు పొలిమేరలో దిగెను. ఊరిని దోచలేదు, కోటను ముట్టడింపలేదు. సంధి షరతులు మాత్రము పలికెను. ఏప్రిలులో కుదిరిన ఒడంబడిక ప్రకారము ఎవరి సీమలు వారికి తిరిగి చేరినవి. ఇరువురిలో ఒకరిపై పరులు దాడి చేసినచో రెండవవారు సాయపడవలెనని కూడ వ్రాసికొనిరి.

హైదరు జీవితములో ఇంతకు మించిన తెలివిగల పని మరొకటి కనబడదు. తన సీమను తాను కాపాడుకొనుటకే కత్తి పట్టెను. ఏమి కావలెనో ముందే నిశ్చయించుకొనెను. అది దొరకిన నాడే కత్తి ఒరలో పెట్టెను.

మాట తప్పిన మిత్రులు

ఆ ఒడంబడిక వ్రాసిన మరుసటి యేడే పరీక్ష వచ్చెను. 1770లో పీష్వా మాధవరావు సేనలు మైసూరు మీద విరుచుకొనిపడెను. 1771 మార్చిలో చినకురళివద్ద హైదరు ఘోరముగా ఓడి శ్రీరంగపట్టణము చేరెను. సాయము పంపుడని చెన్నపట్టణమునకు మరల మరల కబురంపెను. ఒక్క సిపాయియైనను రాలేదు. భారీ కప్పము చెల్లించి, భూములు వదలుకొని ప్రాణము దక్కించుకొనెను. చేవ్రాలు పెట్టిన పత్రము చెల్లని పత్రమైనప్పుడు వర్తకునకు కలుగు రోషము ఎట్టిదో ఊహింపవచ్చును. హైదరుకు నాడు కలిగినది అదియే. కాని అతడు దానిని పైకి చూపలేదు, తొమ్మిదేండ్లు లోపల దాచుకొనెను.

1772లో మాధవరావు మరణించెను. పూనాలో కలతలు చెలరేగినవి. హైదరు పోయినదంతయు రాబట్టుకొని, 1776లో మురారిరావునుండి గుత్తికోటను, 1779లో చిత్రదుర్గమును, అదే యేట కడప నవాబు రాజ్యమును ఆక్రమించెను. రాయలసీమలో పెద్దభాగము అతని వశమయ్యెను.

ఇట్లుండగా 1778లో ఐరోపాలో ఫ్రెంచివారికిని ఆంగ్లేయులకును యుద్ధము మొదలైనది. ఆంగ్లేయులు పుదుచ్చేరిని పట్టుకొనిరి. 1779 మార్చిలో పడమటి తీరమున మాహేను పట్టుకొనిరి. హైదరుకు తుపాకులును మందుగుండును దిగెడి రేవు అదియే. అది తన రక్షణలోనున్నదని హైదరు ముందే తెలిపియుండెను, తన జెండా కూడ అక్కడ ఎత్తించెను. అయినను లక్ష్యపెట్టలేదు. మరల గుంటూరు సీమను నిజాము తమ్ముడు బసాలతు జంగు వద్ద పుచ్చుకొని, అక్కడికి సేనను హైదరు కడప సీమలోగుండ, అతని అనుమతి లేకయే నడిపించిరి. చెన్నపట్టణపు గవర్నరు స్వార్ట్జు అను క్రైస్తవబోధకుని సంధి మాటలకై శ్రీరంగపట్టణమునకు పంపెను. హైదరు అతనిని గౌరవించి, పాత ఒడంబడికను, అది భంగమైన తీరును విడమరచి చెప్పి పంపివేసెను.

1780 నాటి లెక్క

ఇప్పుడు హైదరు ముందు రెండు త్రోవలుండెను. ఓర్చుకొని కూర్చుండుట ఒకటి, యుద్ధము ప్రారంభించుట రెండవది. అతడు వేసిన లెక్క ఇట్లుండెను. ఆంగ్లేయులు పూనావారితో యుద్ధములో చిక్కుకొనియున్నారు. గుంటూరు విషయమున నిజాము మండిపడుచున్నాడు. నాగపురము భోంసలే బంగాళమును కొట్టుటకు, నిజాము సర్కారు జిల్లాల మీదికి వచ్చుటకు, పూనావారు పడమట పోరుటకు, తాను ఆర్కాటు సీమలో దిగుటకు మాట అయినది. ఫ్రెంచి ఓడలు వచ్చును. చెన్నపట్టణము బొక్కసము ఖాళీ, కౌన్సిలులో కలహములు. ఇట్టి అదను మరల రాదు. వీరు మహారాష్ట్రుల పని ముగించినచో తరువాతి వంతు తనదే యగును. ఇది పిచ్చివాని లెక్క కాదు. నాటి భరతఖండమున ఇంత విపులముగ చూచిన ప్రభువు మరొకడు లేడని చెప్పినను తప్పుకాదు.

1780 జూలైలో సుమారు ఎనుబది తొంబదివేల సేనతో హైదరు చెంగము కనుమ దిగెను. సెప్టెంబరు 10న పొల్లిలూరు వద్ద కర్నలు బెయిలీ దళము నాశనమయ్యెను. మైసూరు తారాజువ్వలు ఆంగ్లేయుల మందుగుండు బండ్లపై పడుటతో పోరు ముగిసెను. బక్సరు విజేతయైన మన్రో, కొద్ది మైళ్ళ దూరమున కంచిలో నుండియు అందుకొనలేక, బరువు ఫిరంగులను కోనేటిలో పడద్రోసి చెన్నపట్టణమునకు వెనుదీసెను. ఆ సంవత్సరము తిరుగకముందే ఆర్కాటు హైదరు వశమయ్యెను. లెక్క ఫలించినట్లే కనబడెను.

చిట్టాకెక్కని పద్దులు

తరువాత ఒక్కొక్క పద్దే మారిపోసాగెను. బంగాళపు గవర్నరు జనరలు హేస్టింగ్సు గుంటూరును నిజామునకు తిరిగి యిప్పించెను, నిజాము కదలలేదు. భోంసలేకు ధనమిచ్చి బంగాళపు దారి విడిపించెను. బంగాళమునుండి ఓడలలో ధనమును సేనయు, వాటితో ముసలి యోధుడు సర్ ఐర్ కూట్‌ను వచ్చి దిగిరి. డిసెంబరులో ఆంగ్ల నౌకాధిపతి హ్యూసు మంగళూరున హైదరు ఓడలను ధ్వంసముచేసెను. 1781 ఆరంభమున ఫ్రెంచి ఓడలు తీరమునకు వచ్చినవి. కూట్ కడలూరు వద్ద ధాన్యము లేక అలమటించుచుండెను. కొద్దిదినములు సముద్రపు దారి మూయుడని హైదరు వేడుకొనెను. వారు వినక మరలిపోయిరి. జూలై 1న పరంగిపేటవద్ద హైదరు ఓడెను. సెప్టెంబరులో షోలింగూరున మరల ఓడెను. 1782 ఫిబ్రవరిలో టిప్పు కొల్లిడము తీరమున బ్రెయిత్‌వెయిట్ దళమును పట్టుకొనెను గాని దానివలన యుద్ధము ముగియలేదు. మే నెలలో పూనావారు సాల్బాయిలో ఆంగ్లేయులతో వేరుగా సంధి చేసికొనిరి. పొత్తువ్యాపారమున భాగస్వాములందరు తప్పుకొనగా అప్పు అంతయు హైదరు నెత్తిన నిలిచినది.

మార్క్ విల్క్స్ అను ఆంగ్లేయుడు మైసూరులో రెసిడెంటు పనిచేసి, పూర్ణయ్యతో పరిచయము కలిగి, 1810-17 నడుమ మైసూరు చరిత్రను ప్రకటించెను. హైదరు ఒకనాడు ఏకాంతమున పూర్ణయ్యతో తన పశ్చాత్తాపమును చెప్పుకొనెనని అందున్నది. కొద్దిపాటి కల్లుకు లక్ష వరహాలు పోసినవాడనైతినని అతడు వగచెనట. ఆంగ్లేయులతో మనస్పర్ధలున్న మాట నిజమే గాని అవి యుద్ధమునకు చాలిన కారణములు కావనియు, నేలమీద వారిని ఎన్నిమార్లు కొట్టినను సముద్రమును ఇంకించుట తన వశము కాదనియు ఒప్పుకొనెనట. ఈ మాటలు ఆంగ్లేయుని చేతిమీదుగ వచ్చినవి గనుక అక్షరమక్షరము నమ్మనక్కరలేదు. అయినను అందలి భావమునకు ఆ రెండేండ్ల నడకయే సాక్ష్యము.

వెన్నుమీద లేచిన రాచపుండుతో హైదరాలీ 1782 డిసెంబరు 7న చిత్తూరు చెంత నరసింగరాయనిపేట దండులో మరణించెను. టిప్పు అప్పుడు మలయాళ సీమలో నుండెను. అతడు వచ్చువరకు పూర్ణయ్య మొదలగువారు మరణవార్తను దాచి, శవమును ధనపుపెట్టె సాగనంపునట్లు కోలారునకు పంపిరి. తండ్రి గోరీ చెంత కొంతకాలముంచి, తరువాత శ్రీరంగపట్టణమునకు చేర్చిరి. 1784 మార్చి 11న మంగళూరు సంధి జరిగెను. ఎవరు పట్టిన సీమలు వారికి తిరిగి ఇచ్చివేసిరి. నాలుగేండ్ల యుద్ధము ముగిసి చూడగా పొలిమేర రాళ్ళు పూర్వము ఎక్కడనుండెనో అక్కడనే నిలిచినవి.

ఎవరి ఖాతా?

పొలిమేర మారలేదన్నంత మాత్రమున నష్టము లేదనరాదు. శత్రువునకు తిండి దొరకకుండ చేయుటకై హైదరు చెన్నపట్టణము చుట్టును ఊళ్ళు తగులబెట్టించెను. పైరులు, చెరువులు పాడైనవి. జనమును, పశువులను మైసూరు సీమకు తోలించెను. వెంటనే వచ్చిన కరవులో చెన్నపట్టణపు వీధులలో ఆకలిచావులు సంభవించినవి. ఆ రైతులు 1769 ఒడంబడికను భంగపరచలేదు, మాహేను పట్టుకొనలేదు. హైదరు వేసిన లెక్కలో ఫిరంగులున్నవి, ఓడలున్నవి, మిత్రులున్నారు. వీరు మాత్రము లేరు. ఆంగ్లేయుల లెక్కలోను వీరు లేరు.

జైనధర్మము హింసను సంకల్పి, ఆరంభి, ఉద్యోగి, విరోధి అని నాలుగు విధములుగ చెప్పినది. గృహస్థుడు కోరి చేయు సంకల్పహింసను పూర్తిగ విడువవలెను. దండెత్తి వచ్చినవానిని ఎదిరించుటలో కలుగు విరోధిహింస గృహస్థునకు పూర్తిగ తప్పించుకొనరానిదని ఒప్పుకొనినది. కోలారు, నాటి కువళాలపురము, గంగరాజుల తొలి రాజధాని. ఆ గంగరాజుల మంత్రియై, 981 ప్రాంతమున శ్రావణబెళగొళలో గొమ్మటేశ్వరుని నిలిపిన చావుండరాయడు స్వయముగ యోధుడు. కావున కత్తి పట్టిన ప్రతి రాజును ధర్మము త్రోసివేయలేదు. 1767లో హైదరు చేసినది విరోధిహింస. 1780లో చేసినదియు అట్టిదే యని అతడు అనుకొనియుండును. కాని పైకి ఆత్మరక్షణగా కనబడు ఆ లెక్కలో తొమ్మిదేండ్ల క్రోధము వడ్డీతో సహా కలిసియున్నది. ఎంత రావలెనో, ఎక్కడ ఆపవలెనో ఈసారి అతడు ముందుగ నిర్ణయించుకొనలేదు.

హైదరు ఊరకుండినచో ఆంగ్లేయులు ఊరకుండెడివారా యని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. వారి ఆశ పెరుగుచుండెనను మాట సత్యము. అయితే ఆ యుద్ధము ఆ ఆశను అణచలేదు, తమకు పెద్ద శత్రువు ఎవరో వారికి తెలియజెప్పినది. 1790లో వారు నిజామును, మహారాష్ట్రులను తమవైపు చేర్చుకొనియే మైసూరు మీదికి వచ్చిరి. 1791లో కారన్‌వాలీసు మొగిలి కనుమ యెక్కి ముళబాగిలు, కోలారుల మీదుగనే బెంగుళూరు చేరెను. 1792లో టిప్పు సగము రాజ్యమును, మూడుకోట్ల ముప్పది లక్షల రూపాయల దండుగను ఒప్పుకొని, ఇద్దరు కుమారులను తాకట్టుగ ఇచ్చెను. 1799 మే 4న శ్రీరంగపట్టణముతోపాటు తానును పడిపోయెను. భవిష్యత్తు భయముతో ప్రారంభించిన యుద్ధము ఆ భవిష్యత్తును తప్పింపలేకపోయినది.

భరత బాహుబలుల కథలో ఇరుపక్షముల మంత్రులును కూడి ఆలోచించిరి. అన్నదమ్ములిద్దరును చరమశరీరులు, వారికి చావులేదు, చచ్చునది సేనలే గదా యనుకొని, దృష్టియుద్ధము, జలయుద్ధము, మల్లయుద్ధము మాత్రము చేయుడని వారి నొప్పించిరి. యుద్ధమును గూర్చి బుద్ధి అడుగవలసిన మొదటి ప్రశ్నను ఆ మంత్రులు అడిగిరి. నిర్ణయించువాడొకడు, చెల్లించువాడొకడు అయినచోట లెక్క ఎంత చక్కగ వేసినను అది సరియైన లెక్క కానేరదు.

కనుక హైదరాలీ యుద్ధము బుద్ధిలేని పని కాదు. బుద్ధి కొంత దూరము నడచి ఆగిపోయిన పని. చదువురాని యొక జాగీరుదారుని కొడుకు మహాసామ్రాజ్యమును గడగడలాడించుట కోలారు సీమ గర్వింపదగిన విషయమే. ఆ సీమవారు నేర్వదగిన పాఠము మాత్రము అతని 1769లో నున్నది, 1780లో లేదు. వీరప్రభువు నిర్వాణదినమైన దీపావళినాడు క్రొత్త చిట్టా తెరచు వర్తకునకు ఆ పాఠము తేలికగ బోధపడును. పరుల సొమ్మును తన అసలుగ వ్రాసికొని చేసిన వ్యాపారము, లాభము చూపినను, నిజమైన వ్యాపారము కాదు.